పరాసు మాట – పలాస పిక్క

ఉద్దానపు తీరమున కూర్చుండి ఫ్రెంచి భాష నేర్చుకొందునన్నవానిని చూచి నలుగురు నవ్వుదురు. “పలాసలో ఆ భాషతో ఏమి పని? టెక్కలి సంతలో దానితో వంకాయలు కొనవచ్చునా?” అని అడుగుదురు. అడుగుట న్యాయమే. దానికి నాకు తోచిన సమాధానమును మనవి చేయుటయే నేటి ప్రసంగము. నేను ఈ భాషలో ఇంకను ఓనమాలు దిద్దుచున్నవాడనే గాని పండితుడను గాను. అయినను దారి వెంట నడచుచున్నవానికి కనబడు రాళ్లును, నీడలును గమ్యము చేరినవానికి జ్ఞాపకముండవు. నేను చెప్పబూనినవి అట్టి సంగతులు.

సమాధానమును పుస్తకములలో వెదకుటకు ముందు కాశీబుగ్గలోని జీడిమిల్లు ముంగిట పేర్చిన గోనెసంచులలో వెదకుదము. ఉద్దానపు తోటలలో రాలిన పిక్క మన మిల్లులకు ఏడాది పొడుగున చాలదు. అందుచేత పశ్చిమాఫ్రికా నుండి పచ్చిపిక్కను ఓడలపై తెప్పించుచున్నారు. ప్రపంచమున పచ్చి జీడిపిక్కను అన్నిటికంటె అధికముగా పండించు దేశము ఐవరీ కోస్టు. ఆ దేశపు రాజభాష ఫ్రెంచి. దానికి చేరువనున్న బెనిన్ దేశపు రాజభాషయు ఫ్రెంచియే. పిక్కను అక్కడ కొనువాడు ఫ్రెంచిలో లెక్క వ్రాసికొనును. దానిని ఇక్కడ ఒలుచు ఆడుబిడ్డ తెలుగులో పాట పాడుకొనును. ఒకే పిక్కపై ఇరువురి చేతులును పడినవి. ఇరువురి నడుమ మాత్రము ఒక్క మాటయు లేదు. కావున ఫ్రెంచి భాష పలాసకు కొత్తగా రానక్కరలేదు. సంచిలో వచ్చియే యున్నది. విప్పి చూచువారే కావలయును.

ఇంతకుముందొకసారి ఆ భాష గుఱ్ఱములపై, ఫిరంగులతో వచ్చినది. 1753లో సలాబతు జంగు శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను పరాసు సేనాని బుస్సీకి సైన్యపు వెచ్చము నిమిత్తము ఇచ్చెను. ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులనిరి. టెక్కలి, పలాస ప్రాంతములు నాటి శ్రీకాకుళపు సర్కారులోనివే. 1758లో చందుర్తి యుద్ధమున ఆంగ్లేయులు గెలుపొందుటతో ఆ యేలుబడి ఈ సీమలో కడతేరినది. ఆ యేండ్లలో పాలకునకును ప్రజకును నడుమ దుబాసీ నిలిచెను. దుబాసీ యనగా రెండు భాషలవాడు. అతడు చెప్పినది దొరకు సత్యము. అతడు చెప్పినదే మనకును సత్యము. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలినది. బొబ్బిలి కథ చెప్పువారు ఈనాటికిని ఆ నెపమును బుస్సీ కొలువులోని హైదరు జంగుపై మోపుదురు. నడుమనున్నవాడు లంచము గొని మాటను వంకర చేసెనందురు. ఆ కథను జనులు ఇన్ని తరములు మరువకుండుటలో ఒక నీతి కలదు. తన మాటను తాను చెప్పుకొనలేనివాని భాగ్యము ఇతరుని నాలుకపై నుండునని వారెఱుగుదురు.

మరి ఇతరుల భాషను ఎట్లు నేర్వవలయును? ఇందుకు మన జిల్లావారికి దూరదేశపు గురువు అక్కరలేదు. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, మన్యమునందలి సవరల భాషను ఆ భాష మాటలాడువారి నోటనే విని నేర్చిరి. నాడు ఆ భాషకు వ్యాకరణమును లేదు, నిఘంటువును లేదు. పిదప వారే రెంటిని రచించిరి. వారి సవర భాషాగ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. ముందు నోరు, తరువాత పుస్తకము – ఇది వారు నడచిన దారి. వ్యావహారిక భాషకై జీవితమెల్ల పోరాడిన ఆ మహనీయుని పేరు గ్రాంథికమున తలచుచున్నందుకు శ్రోతలు నవ్వుకొనిన తప్పులేదు. వారి పద్ధతి మాత్రము ఏ శైలివారికైనను శిరోధార్యము. నిత్యము నోట మెదలు మాట ఏది? అన్నము మాట. కావున వంటయింటినుండి ఆరంభింతము.

తొలుత ధ్వనులు. ఫ్రెంచిలో రొట్టెను “పేఁ” అందురు, మంచిదానిని “బోఁ” అందురు. ఈ ముక్కుపలుకులకు ఇంగ్లీషు లిపిలో గుర్తు లేదు గాని మనకు అరసున్న కలదు. వాఁడు, వీఁడు అని పెద్దలు వ్రాసిన ఆ అరసున్న మన నోట ఎన్నడో మూగవోయినది. పరాసు మాటలను తెలుగులో వ్రాసికొనునప్పుడు అది మరల పలుకనేర్చినది. పూర్ణానుస్వారము వలె పెదవులు మూయక, నాలుకను పైకి తాకింపక, గాలిని ముక్కున వదలిన చాలును. మరియొక ధ్వని కలదు: పెదవులను “ఊ” అనుటకువలె గుండ్రము చేసి “ఈ” అనవలెను. అద్దము ముందు వారము దినములు సాధన చేసినగాని అది పట్టువడదు.

తరువాత సంధి. ఫ్రెంచి నేర్చు ఆంగ్లేయులు ఒక మాటకు రెండవ మాట అతుకుకొనుట చూచి విసుగుదురు. బాలవ్యాకరణము చదివిన ఇంటివారికి ఇది పుట్టినిల్లు వంటిది. పురుషలింగపు ఉపపదము “ల”, అనాసపండు “అననా”, రెండును కలిసిన “లననా” యగును. అచ్చు పరమగునప్పుడు ముందటి అచ్చు తొలగినది – మన ఉత్వసంధికి సాక్షాత్తు చెల్లెలు! బహువచనమున “లే” అను మాట ముందున్నచో ఎక్కడనో అణగియున్న హల్లు లేచి “లే జననా” యగును. వ్రాతలో నుండియు నోట పలుకని అక్షరములు ఈ భాషలో మెండు; సంధి కాలమున అవి నిద్ర లేచును.

లింగమే తెలుగువానిని తడబడజేయును. మన భాషలో మనుష్యులు, దేవతలు తప్ప తక్కినవన్నియు అమహత్తులే. వారి భాషలో చేప పురుషుడు, రొయ్య స్త్రీ; బియ్యము పురుషుడు, మామిడిపండు స్త్రీ. కారణమడుగరాదు, పిల్లలవలె ఉపపదముతో కలిపి కంఠస్థము చేయవలెను. ధ్వనియందును జాగరూకత కావలెను. చేప “ప్వాసోఁ”, విషము “ప్వాజోఁ”. బారువ రేవున దిగిన మంచి చేపను ఒక్క అక్షరపు తేడాతో విషమని పొగడుట అతిథికి హితవు గాదు.

అంకెలయందు మరియొక చిత్రము. ఎనుబదిని ఫ్రెంచివారు “కాత్ర వేఁ” అందురు. అనగా నాలుగు ఇరువదులు. తొంబదియనగా నాలుగు ఇరువదుల పది. ఇది వింత లెక్కయని పట్టణముల విద్యార్థులు నవ్వుదురు. కాని మందస కొండలపైని సవరలును ఇరువదుల లెక్కనే లెక్కింతురు. వారికిని ఎనుబది నాలుగు ఇరువదులే. పారిసు నగరపు బజారులోని లెక్క మన కొండవాని లెక్కకు చుట్టము. మనము ఒకదానిని నాగరికమనియు, రెండవదానిని మోటుదనియు తలచుట లెక్క తప్పు గాదు, చూపు తప్పు.

ఇక మన తోటలోనికి వత్తము. ఉద్దానము ఉద్యానమే యని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ – ఇవి ఈ నేల సిరులు. కొత్తగా నేర్చువాడు పాఠపుస్తకములోని ఎఱుగని పండ్ల పేర్లు వల్లించుటకంటె తన పెరటి చెట్లను పేరుపెట్టి పిలుచుట సులభము. కొబ్బరికాయ “న్వా ద కోకో”. ఎండుకొబ్బరి “కొప్రా”, ఇది మలయాళపు కొప్పర నుండి ఓడలపై పోయినది, మన కొబ్బరికి తోడబుట్టినది. మామిడి “మాంగ్”, పనస “జాక్” – ఈ రెండును దక్షిణదేశపు మాటలే పోర్చుగీసుల నోట పడి ఐరోపాకు చేరినవి. అనాస మాత్రము బ్రెజిలు ప్రాంతపు మాట; వారికిని మనకును పోర్చుగీసులే పంచిపెట్టిరి. సీతంపేట సంతలో అనాస అన్నను, పారిసులో “అననా” అన్నను ఒకే పండు.

జీడిపప్పు కథ వీనిలో తలమానికము. ఆ చెట్టు పుట్టినిల్లు బ్రెజిలు. అక్కడి తుపీ జనుల మాట పోర్చుగీసుల నోట “కాజు”, ఫ్రెంచివారి నోట “కజూ” ఆయెను. పదునారవ శతాబ్దమున బ్రెజిలు వెళ్లివచ్చిన ఆంద్రే తెవే అను ఫ్రెంచి సన్యాసి ఆ చెట్టును వర్ణించి, బొమ్మ వేయించి ప్రకటించెను. కాని ఐవరీ కోస్టు రైతు దానిని ఎక్కువగా “అనకార్ద్” అనును. ఈ మాట వెనుకకు పోయినకొలది మనకు దగ్గఱ యగును. పూర్వము ఐరోపా వైద్యులు అనకార్దియమని పిలిచినది జీడిమామిడిని కాదు. మన దేశపు నల్లజీడిని, చాకలివారు బట్టలకు గుర్తు పెట్టు జీడిని. బ్రెజిలు పిక్కలోను అట్టి కాల్చు రసమే కనబడుటచేత ఆ పేరును దీనికి తగిలించిరి. మన పెద్దలు చేసినదియు అదియే గదా! జీడివలె పొక్కించు పిక్క, మామిడివంటి చెట్టు – కావున జీడిమామిడి. సముద్రముల కావల నున్న రెండు జనములు ఒకరి నొకరు ఎఱుగకయే కొత్త పిక్కకు ఒకే పాత పేరు పెట్టిరి. ఆలుగడ్డకు ఫ్రెంచివారు “పొమ్ ద తేర్”, అనగా నేల ఆపిలు అని పేరిడిరి. తెలియనిదానిని తెలిసినదానితో పోల్చి ఇంటిలోనికి పిలుచుట మనుష్యుల కందఱకు సమానమగు మర్యాద.

మాటలు కొన్ని కూడిన పిదప భోజనపు బల్లను గూర్చి తెలిసికొనవలెను. ఫ్రెంచివారి భోజనమున వంటకములు ఒకటి తరువాత ఒకటి వచ్చును. తొలుత “ఆఁత్రే”, అనగా ప్రవేశము, పిదప “ప్లా” అను ముఖ్య వంటకము, అటుపై “ఫ్రొమాజ్” అను జున్ను, కడపట తీపి. మన విస్తరిలో అన్నియు ఒకమారే కనబడినను తినుటకు వరుస లేకపోలేదు. పప్పు ముందు, పులుసు పిదప, పెరుగు కడపట. వారు జున్నును, మనము పెరుగును భోజనపు చివరకే ఉంచితిమి. పాడికి ఇరువురును ఇచ్చిన స్థానమొక్కటే. కూడి కూర్చుండి వరుసగా భుజించు ఈ ఆచారమును ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ 2010లో మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది. ఇంటిలో విందు జరుగునప్పుడు రొట్టెను పళ్లెములో గాక పళ్లెము ప్రక్కను బల్లపైననే యుంచుదురు, చేతితోనే తుంచుదురు. చేతితో తినుట చూచి సిగ్గుపడు మనవారు దీనిని గమనింపవలెను.

నీవు, మీరు అను భేదము వారికిని కలదు: “త్యూ”, “వూ”. ఇంగ్లీషు మార్గమున పోవువాడు దీనిని శ్రమపడి నేర్చును. తెలుగువాడు తల్లిపాలతో నేర్చియుండును. దుకాణమున అడుగుపెట్టగనే “బోఁజూర్, మదామ్” అని పలుకరించి పిదప సరకు అడుగవలెను. పలుకరింపక అడుగువాడు మోటువాడగును. మన పల్లెలోను “అప్పా” అని పిలువక కూరగాయలకు బేరమాడినవానికి పుచ్చువంకాయలే దక్కును.

ఒక్క చోట మాత్రము మన మర్యాదకును వారి మర్యాదకును చుక్కెదురు. ఇంకొంచెము వడ్డింతునని గృహిణి అడిగినప్పుడు మనము మొగమోటమిచే వద్దందుము, ఆమె బలవంతము చేయును, మూడవమాటున ఒప్పుకొందుము. ఫ్రెంచివారి బల్లయొద్ద వడ్డించబోవునప్పుడు ఊరక “మెర్సీ” యన్నచో తరచుగా “చాలును” అని అర్థము. గృహిణి గరిటెను వెనుకకు తీయును, మరల అడుగకపోవచ్చును. కావలసినచో “వీ, సిల్ వూ ప్లే”, అనగా ఔను, దయచేయుడు అని స్పష్టముగా చెప్పవలెను. కృతజ్ఞత చెప్పి ఆకలితో లేచిరాకుండుటకు ఈ ఒక్క వాక్యము చాలును. ఆకలిని చెప్పు తీరునందును భేదమున్నది. “నాకు ఆకలి” అని మనమందుము. “జే ఫేఁ”, నేను ఆకలి కలిగియున్నాను అని వారందురు. మన ఆకలి మనకడకు వచ్చును; వారి ఆకలి వారి సొత్తు.

నీటి మాటను మరువరాదు. ఫ్రెంచిలో నీరు “ఓ”. వ్రాతలో మూడక్షరములు, నోట ఒక్క అచ్చు. ఏ భోజనశాలలోనైనను “యూన్ కరాఫ్ దో” అని అడిగినచో కూజాడు కుళాయి నీరు వెల లేకయే తెచ్చియిత్తురు. ఉద్దానపువాని చెవికి ఈ చిన్న మాట బరువైనది. ఎన్నో యేండ్లుగా మూత్రపిండముల వ్యాధి ఈ గ్రామముల ఇండ్లను వెలితి చేసినది. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై పరిశోధనా కేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును నాడే ప్రారంభమైనది. మంచినీరు అడిగిన వెంటనే దొరకుట ఎంత భాగ్యమో తెలిసిన జనులము మనము. భాష నేర్చునప్పుడు ఒక్కొక్క మాట వెనుక మన ఊరు నిలిచియుండును.

ఈ భాష మనవారికి ఎన్నడును దక్కలేదనుకొనరాదు. గోదావరి తీరపు యానాములో పరాసు పాలన 1954 వరకు సాగినది. 1962లో ఆ పట్టణము చట్టరీత్యా భారతదేశమున చేరినది. అక్కడి తెలుగు పిల్లలు బడిలో ఫ్రెంచి చదివిరి. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి మారిషసు దీవికి చెరకు తోటల కూలికి పోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనిరి. వారి సంతతి ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోలు భాషను నిత్యము మాటలాడుచు ఉగాది పండుగను చేసికొనుచున్నారు. ఆ దినము ఆ దేశమున ప్రభుత్వపు సెలవు. అక్కడ వీథివీథిని అమ్ము “గాతో పిమాఁ” అను వంటకము పేరునకు మిరపకాయ కేకు. రుచికి మన పప్పువడ. మునగాకునకు వారి పేరు “బ్రేద్ మురుమ్”. ఆకుకూర యని తెలుపు మొదటి మాట పోర్చుగీసు. మునగయను రెండవ మాట మన దక్షిణాదిది. కూలికై పోయిన తల్లులు బడిలో భాష నేర్వలేదు. పొయ్యి దగ్గఱ నేర్చిరి, పొయ్యి దగ్గఱ కొన్ని మాటలు నేర్పియు వచ్చిరి.

ఇందుచేత నూతన విద్యార్థికి నా మనవి యిది. హైదరాబాదులోను, పుదుచ్చేరిలోను అలియాన్స్ ఫ్రాన్సేజ్ పాఠశాలలు కలవు; వీలున్నవారు చేరవచ్చును. చేరినను చేరకున్నను, భోజనశాలలో ఏమి తెమ్మనవలెనో మాత్రమే నేర్చి ఊరకుండరాదు. అది కొనువాని భాష. పెట్టువాని భాష నేర్వవలెను. “సా వ్యేఁ ద మోఁ విలాజ్” – ఇది మా ఊరినుండి వచ్చినది. “గూతే” – రుచి చూడుడు. “సే బోఁ” – బాగున్నది గదా! ఈ మూడు వాక్యములతో మన జీడిపప్పును, పనసపొట్టు కూరను, చోడి అంబలిని ఎవని ముందైనను ఉంచవచ్చును.

మన పప్పు పెట్టెలోనికి పోవునప్పుడు దాని పేరు డబ్ల్యూ 320. అనగా పౌనుకు సుమారు 320 గుండుపప్పులు. అంకెతో పోయినది అంకెగానే తినబడును. ఆ పప్పును ఒలుచుటకు చేతులకు నూనె రాచుకొని, అయినను రసము తగిలి వ్రేళ్లు నల్లబడిన ఆడువారు కలరని ఆ అంకె చెప్పదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస చేరువను తీరము దాటినప్పుడు జీడిచెట్లును, కొబ్బరిచెట్లును తోటలకు తోటలే నేలకొరిగిన సంగతియు ఆ అంకె చెప్పదు. దానిని చెప్పుటకు మనుష్యుడు కావలెను, ఆ మనుష్యునికి ఎదుటివాని మాట రావలెను. దుబాసీల కాలము గడచినది. ఫిరంగితో వచ్చిన భాషను మనము భోజనముతో ఎదుర్కొందము. పిక్కతో వచ్చిన భాషకు పప్పుతో ప్రత్యుత్తరమిత్తము.

టెక్కలి సంతలో ఫ్రెంచితో వంకాయలు కొనలేమన్న మాట నిజమే. ఆ సంతను గూర్చి, ఆ వంకాయను గూర్చి, దానిని పండించిన చేతిని గూర్చి పరదేశపువానికి మన నోటితో మనమే చెప్పగలుగుదుము. తొలి పాఠమునకు ఆ మాత్రము ఫలము చాలును.